పద్నాలుగో నంబరు

చరిత్ర చూద్దామని పోలేదు నేను.
కోస్గి దాటినంక బస్సు దిగి
తుమ్మకంపల్ల పడి రెండు మైళ్లు నడిచింది
రోజుకు ఎనిమిది వందల కైకిలి కోసం.
చేతిలో ఎర్ర ఎనామిల్ డబ్బా,
అంగీ జేబులో రెండంగుళాల బ్రష్షు,
కాంట్రాక్టరు రాసిచ్చిన చిట్టీ:
గుట్టకు పడమట, పెద్ద బండ, పద్నాలుగు.

గోడలు రాసి బతికెటోన్ని.
పురుగుమందులు, సిమెంటు, ఇంగ్లీషు మీడియం బడులు,
గెలిచినోళ్ల పేర్లు రాసిన, ఓడినోళ్లవీ రాసిన.
ప్రతి గోడకు కింద మూలన సన్నగ
"భీమేష్ ఆర్ట్స్", పక్కన ఫోన్ నంబరు.

బండ నీడన గొర్ల కుర్మయ్య సద్ది విప్పుతున్నడు.
"ఏం రాస్తవ్?"
"నంబరు."
"ఆడ ముందే ఒకడు రాసిపెట్టిండు గద."

నాకేం కనిపించలే.
ఆయన లేచి, కూల్ డ్రింక్ సీసాల నీళ్లు
దోసిట్ల వంపుకొని బండ మీద చిమ్మిండు.
రాయి నల్లబడ్డది.
నల్లబడ్డ చోట ఎద్దు లేచింది.

మూపురం ఒక్క గీత. ఎత్తకుండ.
ఆ గీత కష్టం నాకెరుక,
ఊపిరి బిగబట్టి తోక దాక గుంజాలె,
నడుమ దగ్గొస్తే పనంత ఖరాబు.
కొమ్ములు మాత్రం మరీ పొడుగు,
రాయి గరుకు తప్పించబోతే చెయ్యి జారినట్టుంది.
కాళ్లు అయిదు.
కుర్మయ్య నవ్విండు. నాకు నవ్వు రాలే.
ముందు ఏసిన కాలు నచ్చక
పక్కన ఇంకోటి ఏసి,
మొదటిదాన్ని చెరిపే ఉపాయం లేక
అట్లనే ఇడిసి పోయిండు వాడు.
నా తానైతే కిరసనాయిలు గుడ్డ ఉంటది.

ఎద్దు ఎనక ముగ్గురు పుల్లల మనుషులు,
ఒకని చేతిల బాణమో బరిగెనో.
అలవాటుగ కింద మూలకు చూసిన.
మోకాళ్ల మీద వంగి, అరచేత్తో దుమ్ము తుడిచి
మళ్ల చూసిన.
పేరు లేదు. ఊరు లేదు.
పైసలెవరిచ్చిన్రో లేదు.

"జాజే అది" అన్నడు కుర్మయ్య.
"మా అవ్వ అరుగులకు పూసేదదే,
నా గొర్ల ఈపులకు నేను పెట్టేదదే.
కొవ్వు కలిపిన్రేమో, ఎవరు చూసిన్రు.
మా తాత తాతకు గూడ గిట్లనే కనిపించెనంట."
ఎనుకనే నా డబ్బా వాసన చూసి
మూతి ముడిచి అడిగిండు:
"నీదెన్ని దినాలుంటది?"
"మూడు వానలు" అన్న. నిజానికి రెండే.
"అయితే రాసుకో. ఏం గాదు."

వానల కన్న ముందుగాల కంప్రెసరొస్తదని
నోటి దాక వచ్చింది.
ఆయన ఉల్లిగడ్డ పిడికిట్ల పగలగొట్టి
సగం నా చేతిల పెట్టిండు.
తిన్న.

తాళంచెవితో మూత లేపిన.
ఎద్దుకు రెండు బారల అవతల,
అదే బండకు, జర తగ్గుల,
ఒకటి ఏసిన. నాలుగు ఏసిన.
ముప్పై ఏండ్ల చేతిల
నాలుగు వంకరపోయింది.
కింద నా పేరుకు జాగ ఉన్నది గానీ
ఆడికెళ్లి ఎవడు ఫోన్ చేస్తడు.

ఎండ దిగింది. నీళ్లారి
ఎద్దు మళ్ల రాయిలకు పోయింది.
నాది మాత్రం పచ్చిపచ్చిగ మెరుస్తున్నది.
గంతల ఒక తెల్ల పొట్టేలు, దురద పెట్టిందేమో,
వచ్చి నా నాలుగుకు పక్క రాసుకున్నది.
"హెయ్" అని ఉరికిన.
"పోనీ తియ్" అన్నడు కుర్మయ్య.

సగం అంకె ఒంటి మీద ఏసుకొని
అది మందల కలిసి గుట్ట దిగుతుంటే,
కింద బస్సు హారన్ మీద హారన్ కొడుతుంటే,
నిలబడి చూసిన.
దుమ్ముల
ఎన్ని కాళ్లో లెక్క అందలే.